ఓబులేసు పెట్టె పలకని మధ్యాహ్నం

నా పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. పదేళ్ళు దాటింది, ఒక బరువు మోస్తున్నాను. పైకి కనపడేది కాదు. వేళకు తింటాను, పెళ్ళిళ్ళకు పోయి ముందు వరసలో కూర్చుంటాను, నలుగురిలో మంచివాడని పేరు కూడా ఉంది. ఆ పేరు ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు కుంచించుకుపోతుంది. ఇంట్లో వాళ్ళకు చెప్పలేను. నన్నెరిగిన వాళ్ళకు చెప్పలేను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి.

ఒక మనిషి చచ్చిపోయాడు. ఇంకొక మనిషి, ఆ చావు తన వల్లే జరిగిందని నమ్మి మిగిలిన బతుకంతా బతికాడు. అది అతని వల్ల కాదు, నా వల్ల. ముందే చెప్పేశాను. లేకపోతే అటూ ఇటూ తిప్పి, చివరికి చెప్పకుండానే లేచిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

డెబ్బైల చివర మా అనంతపురం జిల్లాలో పెద్ద కరువు వచ్చింది. కరువు వచ్చిందనడం పరాయివాళ్ళ మాట. మాకు కరువే ఇంటి మనిషి, వానే చుట్టపు చూపుగా వచ్చి పోతుంది. కానీ ఆ ఏడు చుట్టం కూడా రాలేదు. వేరుశనగ మొలక మీదే మాడిపోయింది. ఊళ్ళకు ట్యాంకర్లతో నీళ్ళు తోలాలి. కూలీలకు కరువు పనులు చూపించాలి. ఫోన్లు లేని ఊళ్ళు కాబట్టి మా శాఖ వాళ్ళు వైర్లెస్సు పెట్టారు. ఏ శాఖో అడగకండి. కదిరి దగ్గర ఒక గుట్ట మీద ఒక స్టేషను, హిందూపురం దగ్గర మరో గుట్ట మీద మరో స్టేషను. ఒక గది, ఒక పెద్ద పెట్టె, పైన ఒక ఇనుప స్తంభం. పల్లెల్లో క్యాంపు ఆఫీసర్ల దగ్గరా పని చేయించే మేస్త్రీల దగ్గరా చిన్న పెట్టెలు. కదిరి గుట్ట మీద నేను. హిందూపురం గుట్ట మీద ఓబులేసు.

ఓబులేసుది ధర్మవరం. పట్టు నేసే ఇల్లు. నాలుగు మగ్గాలు ఆడుతుంటే పక్క గదిలో కూర్చుని, ఏ మగ్గంలో పోగు తెగిందో చప్పుడు విని చెప్పేవాడట. వాళ్ళ నాయన చుట్టాలకు ఆ సంగతి చెప్పుకొని మురిసిపోయేవాడని తనే చెప్పాడు. వైర్లెస్సు పనికి తనను తీసుకున్నది ఆ చెవుల కోసమేనని అతని నమ్మకం. నాకన్నా చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు. ఊరికే నోటితో అనే అన్న కాదు.

రెండు స్టేషన్లకూ గాలిలో ఒకటే దారి ఇచ్చారు. రెండో దారి కోసం ఢిల్లీకి రాశారు, అది ఎప్పటికో గానీ రాలేదు. అందువల్ల నేను మాట్లాడితే అతని మీద పడేది, అతను మాట్లాడితే నా మీద పడేది. మొదట్లో మా గొడవ చూసి నవ్వనివాడు లేడు. నా ట్యాంకరు డ్రైవరు ఒకడు, ఓబులేసు వేరే డ్రైవరుకు చెప్పిన మాట తనకేననుకొని, నీళ్ళ బండితో సహా ఆ ఊరికి బయలుదేరాడు. ఇది ఇట్లా కాదని ఒక ఇంజనీరు గారిని పంపించారు. రిటైరవడానికి దగ్గర పడిన మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆయన మా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. పక్కపక్క వీధుల్లో ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు అయితే, రెండు మేళాలూ పోటీపడి వాయిస్తే, ఏ పందిట్లోనూ మంత్రం వినపడదు. ఇద్దరూ కొంచెం తగ్గించి వాయించుకుంటే ఎవరి పెళ్ళి వాళ్ళకు జరిగిపోతుంది అన్నాడు.

ఆయన రెండు పనులు చేశాడు. ఒకటి, మా పెట్టెల్లో పవరు తగ్గించాడు. లోపల ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పి, మళ్ళీ ఎవరూ తిప్పకుండా పైన లక్క కరిగించి పోసి, బొటనవేలితో నొక్కాడు. రెండోది, ఒక్కో స్టేషనుకు ఒక్కో మోత పెట్టాడు. మనవైపు వాళ్ళు మాట్లాడితే ఆ మాట అడుగున సన్నని మోత ఒకటి కలిసి వస్తుంది, మన చెవికి అందదు. పెట్టె దాన్ని గుర్తుపట్టి అప్పుడే నోరు తెరుస్తుంది. పక్కవాడి మోత వస్తే నోరు మూసుకొని ఉంటుంది. దాంతో మాకు ప్రాణం హాయిగా అయింది. కానీ వెళ్ళేముందు ఆయన ఒక హెచ్చరిక చేశాడు. పెట్టె పలకడం లేదు కదా అని గాలి ఖాళీగా ఉందనుకోవద్దు. రెండు పిలుపులు ఒకేసారి వస్తే బలమైనదే నిలుస్తుంది, రెండోది గొణుగుడుగా కూడా మిగలదు. మోత మీకు గోల వినపడకుండా చేస్తుంది, అంతే. గోలను తగ్గించేది ఈ మర ఒక్కటే. కాబట్టి తక్కువ పవరుతో మాట్లాడండి, రెండు ముక్కలు చెప్పి, మాట్లాడేటప్పుడు నొక్కి ఉంచే బొత్తాం వదలండి.

నాకు అర్థం కాలేదని చెప్పి తప్పించుకోను. బాగా అర్థమైంది. ఓబులేసుకన్నా ముందే అర్థమైంది.

పవరు తగ్గాక నల్లమాడ క్యాంపుకు నా మాట సరిగా అందేది కాదు. విరిగి విరిగి పోయేది. నల్లమాడ క్యాంపులో ఉండే ఆఫీసరు, జిల్లాలో ఈ పనులకంతా పెద్ద. ఇదివరకు నీ మాట చెవి పక్కన ఉన్నట్టు ఉండేది, ఇప్పుడేమైంది నీ స్టేషనుకు, అని నలుగురిలో అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అసలు నేను చేయవలసింది ఏమిటి? నల్లమాడకు అందడం లేదని ఇంజనీరు గారికి ఒక కబురు పెట్టడం. నా మాట అందుకొని ముందుకు పంపే చిన్న పెట్టె ఒకటి మధ్యలో పెట్టి ఉండేవాడు. కానీ అట్లా కబురు పెడితే నా స్టేషను చేతకానిదని ఒప్పుకున్నట్టు కాదా? జిల్లాలో నా గొంతుకు పేరుండేది మరి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఒకరోజు పెట్టె విప్పి, లక్క గీకేసి, మర తిప్పాను. పూర్తిగా తిప్పాను. కొవ్వొత్తి మీద కొత్త లక్క కరిగించి పోసి, నా బొటనవేలితో నొక్కాను. వేలిముద్రలు చూసేంత అనుమానం ఆ ఇంజనీరు గారికి లేదని నాకు తెలుసు.

చాలా ఏళ్ళు నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను. నల్లమాడ వైపు పల్లెలకు నీళ్ళు అందడం కోసమే కదా తిప్పాను అని. నీళ్ళు అందిన మాట నిజం. కానీ మర తిప్పేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ పల్లెలేనా? బిందెలు పట్టుకొని నిలబడ్డ ఆడవాళ్ళేనా? కాదు. ఆఫీసరు మళ్ళీ నలుగురిలో ఏమంటాడో వినాలని ఉండింది. అన్నాడు కూడా. ఇప్పుడు బాగుందయ్యా అన్నాడు. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ మధ్యాహ్నం సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఆఫీసరు కూతురికి పెళ్ళి కుదిరింది. ఆయన నల్లమాడలో ఉన్నాడు, కదలలేడు. ఆయన భార్య, ఆడపడుచులు, చీరల మూటలతో ధర్మవరం వ్యాపారి ఒకాయన, అందరూ కలిసి నా స్టేషనుకు వచ్చారు. ముహూర్తం చీర ఏ రంగు తీసుకోవాలో ఆయనను అడగాలట. ప్రభుత్వపు పెట్టె మీద ఇట్లాంటివి మాట్లాడకూడదు. నేను కాదనలేదు. కాదనకపోగా మూటలు విప్పడానికి చాప పరిచాను. మేము మాట్లాడుకునేదంతా ఆయనకు వినపడాలి అన్నది ఆమె. సరేనని బొత్తాం నొక్కి పట్టుకున్నాను. వదల్లేదు. వాళ్ళు ఒక్కో మడతా విప్పుతారు, అరిటాకు పచ్చకు కుంకుమ అంచు బాగుంటుందంటారు, కాదు మామిడిపిందెల అంచు అంటారు, మళ్ళీ మడతపెడతారు. నేను మధ్యలో నవ్వుతూ, సార్, వంగపండు రంగు కూడా ఉంది సార్, అంటున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో లెక్క లేదు. వేలు తిమ్మిరెక్కితే వేలు మార్చుకున్నాను. వేలు మార్చుకోవడం బాగా గుర్తుంది.

అదే సమయంలో చిలమత్తూరు వైపు ఒక పల్లెలో కరువు పని కింద బావి పూడిక తీస్తున్నారు. ఒడ్డు విరిగి పడింది. నారాయణప్ప అనే అతను మట్టిలో రొమ్ముల దాకా కూరుకుపోయాడు. ప్రాణంతోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. తోటి కూలీలు తవ్వితే పైనుంచి ఇంకా మట్టి రాలుతోంది. దూలాలు, మోకులు, జీపు, కాంపౌండరు, అన్నీ ఓబులేసు స్టేషను కిందనే ఉన్నాయి, ఒక్క మాట అందితే చాలు. మేస్త్రీ చిన్న పెట్టె తీసి పిలిచాడు. బదులు లేదు. నా మాట బలం కింద ఆ పిలుపు అణగిపోయింది, నా మోత తనది కాదు కాబట్టి ఓబులేసు పెట్టె నోరు తెరవలేదు. మళ్ళీ పిలిచాడు. ఓబులేసు ఎప్పుడు పిలిచినా పలుకుతాడని, మనిషిని సైకిలు మీద పంపడం మానేసి పిలుస్తూనే ఉన్నాడు. బ్యాటరీ అయిపోయేదాకా పిలిచాడు. ఆ తర్వాత సైకిలు పంపాడు. జీపు వచ్చేసరికి పొద్దు వాలింది. నారాయణప్ప మాట్లాడడం మానేసి చాలాసేపయింది.

ముందే వచ్చి ఉంటే బతికేవాడా? కొందరు బతికేవాడన్నారు. కొందరు దేవుడికే తెలుసన్నారు. నేను ఈ రెండో మాటను చాలా రోజులు పట్టుకొని వేలాడాను.

కబురు నాకు మరునాడు పొద్దున తెలిసింది. వినగానే నా చేతులు ఏం చేశాయో చెబుతాను. పెట్టె విప్పాయి. మర వెనక్కి తిప్పాయి, మొదట ఉన్న చోటికి. లక్క పోశాయి. ఆ చనిపోయిన మనిషి పేరు కూడా నాకు అప్పటికి తెలియదు. తలుపు గడియ మాత్రం వేసుకున్నాను.

ఇంజనీరు గారు వచ్చి రెండు స్టేషన్లూ చూశారు. నా లక్క చూశారు, పవరు కొలిచారు. అంతా సరిగ్గానే ఉంది. నన్ను అడిగారు, నేను లేదన్నాను. చీరల మాట ఆఫీసరు ఎట్లాగూ ఎత్తడు, నేను ఎత్తలేదు. మేస్త్రీ బావి గట్టు మీద మట్టి ముట్టి ప్రమాణం చేశాడు, నేను పిలిచినానని. అందరూ విన్నారు. మరి పిలుపు పోయింది, పెట్టె బాగుంది, గాలి బాగుంది. మిగిలింది ఓబులేసు. మధ్యాహ్నం పూట కునుకు తీశాడని తేల్చారు. పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్ళకు అతను నా గుట్ట ఎక్కి వచ్చాడు. ఎండలో నడిచి వచ్చినవాడికి చెంబుతో నీళ్ళిచ్చాను. చెంబు పక్కన పెట్టుకున్నాడే గానీ తాగలేదు.

"అన్నా, ఒక మాట అడుగుతా. తప్పు పట్టుకోవద్దు."

"అడుగప్పా."

"ఆ పొద్దు మధ్యాన్నం నువ్వు గాలి మీద ఉంటివా?"

"కొంచేపు ఉంటి. నల్లమాడతో మాట్లాడితి."

"పవరు యామన్నా ఎక్కువ పెట్టింటివా? పెట్టింటే చెప్పన్నా. నేను యాడా చెప్పను, నా బిడ్డల మీద ఆన. నా ఉద్యోగం నాకు రాకపోయినా యామీ లేదు. నా మనసుకు తెలిస్తే సాలు."

ఇంతకన్నా సులువైన తలుపు ఏ దొంగకూ ఎవరూ తీసి ఉండరు. నిజం చెప్పినా నాకు ఏ నష్టమూ లేకుండా అతనే ఏర్పాటు చేశాడు. బిడ్డల మీద ఒట్టేసి మరీ ఏర్పాటు చేశాడు. ఒక్క మాట చాలు. తల ఊపినా చాలు.

"లేదప్పా. ఇంజనీరు సారు లక్క గూడా చూసి పోయినాడు గదా."

అతను నేల చూశాడు. అనుమానపడినందుకు సిగ్గుపడినట్టు కనిపించాడు.

"అవును గదా. నేను పెట్టె పక్కనే కూచోనుంటి అన్నా. కన్ను మూసిన గ్యాపకం ల్యా. అట్లయితే నా చెవులే పోయింటాయి."

నేను ఊరుకోలేదు. ఊరుకుని ఉన్నా కొంత నయం. "అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించుకోపో" అన్నాను. అతను లేచి, వస్తానన్నా అని నాకు దండం పెట్టి దిగిపోయాడు. నీళ్ళ చెంబు అట్లాగే ఉంది.

అతను నిజంగానే ఆసుపత్రికి పోయాడు. చెవులు పోయాయని డాక్టరు చెప్పాలని మొక్కుకొని పోయాడట. చెవులు పోయి ఉంటే తప్పు తనది కాదు కదా. ఇట్లా ఏ మనిషైనా కోరుకుంటాడా? డాక్టరు పరీక్షలన్నీ చేసి, నీ చెవులు బంగారంలా ఉన్నాయి, ఇంత బాగా వినేవాళ్ళు తక్కువ అని వీపు తట్టి పంపించాడు. మంచి కబురు చెప్పాననుకున్నాడు ఆయన.

ఇక ఓబులేసుకు వేరే దారి మిగలలేదు. చెవులు బాగున్నాయి. నేను లేదన్నాను. తనకు గుర్తు లేకపోయినా తను నిద్రే పోయి ఉండాలి. చిలమత్తూరు వైపు ఆ పల్లెకు పోయాడు. నారాయణప్ప తల్లి గంగమ్మ కాళ్ళ మీద పడి, నేను నిద్రపోయినానమ్మా, నీ కొడుకును నేనే చంపినా, అన్నాడు. ఊరందరి ముందూ అన్నాడు. ఇది నాకు చెప్పింది ఆ మేస్త్రీ. ఆ ముసలామె అతని భుజాలు పట్టి లేపి, పోయినోడు రాడు గదా నాయనా, నువ్వు ఏడ్వద్దు, అన్నదట. మేస్త్రీ చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను టీ తెప్పించాను.

నేను చేయవలసిన పని అతను చేశాడు. నాకు రావలసిన తిట్లు అతనికి పోయాయి, వాటితోపాటు ఆమె క్షమ కూడా అతనికే పోయింది. దాన్ని తీసుకోవడం అతనికి చేతకాలేదు. తనది కాని దాన్ని ఎట్లా తీసుకుంటాడు? అప్పుడైనా నేను లేచి పోవచ్చు. మెల్లిగా చెబుదాంలే అనుకున్నాను. తర్వాత నాకు ప్రమోషను వచ్చింది, ఆ ఆఫీసరే రాశాడు. తర్వాత ఢిల్లీ నుంచి రెండో దారి వచ్చింది. రెండు స్టేషన్లూ వేరైపోయాయి, ఇక ఎవరి మాటా ఎవరి మీదా పడే పని లేదు. చేతులు కాలాక ఆకులు. ఓబులేసు ధర్మవరం పోయి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడని తెలిసింది. ఆ ఊరి మీదుగా బస్సులో ఎన్నోసార్లు పోయాను. కిటికీ పక్కన కూర్చునేవాడిని కాదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఓబులేసు చనిపోయాడు. జ్వరం వచ్చి, తిరగబెట్టి, పోయాడు. దినానికి నేను పోయాను. ధైర్యంతో పోలేదు, పోకపోతే బాగుండదని పోయాను. ఊరు మారిపోయింది. మిద్దెల మీద టీవీ ఏంటెనాలు. అతని ఇల్లు మాత్రం అదే ఇల్లు. అతని భార్య సాలమ్మ నన్ను గుర్తుపట్టింది. మా ఆయన మీ పేరు చెప్పని రోజు లేదన్నది. అన్న ఒక్కడే నన్ను నిద్రపోయినావని అనలేదు, చెవులు చూపించుకోమని ప్రేమగా చెప్పినాడు, అనేవాడట. నేను ఎక్కడ చూడాలో తెలియక, ఆపేసిన మగ్గం వైపు చూశాను.

ఆమె ఇంకా చెప్పింది. ఆ పని పోయినప్పటి నుంచి ఓబులేసు పగటి పూట కన్ను మూయలేదట. భోజనం చేసి ఇంట్లో అందరూ నడుం వాల్చినా తను గోడకు ఆనుకొని కూర్చునేవాడట. జ్వరంలో కూడా, మధ్యాహ్నం అయ్యేసరికి నన్ను లేపి కూర్చోబెట్టండి, నిద్ర వస్తాది, అని బతిమాలేవాడట. కూర్చోబెట్టేవాళ్ళట. కూర్చునే పోయాడు.

అప్పుడు సాలమ్మ నన్ను అడిగింది. చిన్నగా, ఎవరూ వినకుండా అడిగింది. ఇట్లాంటి మనిషి ఆ పొద్దు నిజంగా నిద్రపోయినాడా అన్నా, నీకు తెలుసునా, అని.

నేను దేవునికే తెలుసు తల్లీ అన్నాను.

ఆ ఇంటికి అబద్ధం చెప్పడం ఇది రెండోసారి. మొదటిసారి, అతను ఒట్టేసినా, ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, ఆఫీసరు ఉన్నాడు, పిల్లలు చిన్నవాళ్ళు. ఈసారి ఏముంది? రిటైరయ్యాను. ఆఫీసరు ఎక్కడున్నాడో కూడా తెలియదు. నన్ను ఎవరూ ఏమీ చేయరు. అయినా నోరు రాలేదు. ఆమె ముఖంలో నా మీద ఉన్న మర్యాద పోతుందని రాలేదు. మొదటి నుంచీ నా రోగం అదే. ఆ మర్యాద కోసమే మర తిప్పాను, దాని కోసమే ఓబులేసును ఆసుపత్రికి పంపాను, దాని కోసమే అతని గుమ్మంలో నిలబడి దేవుడి పేరు చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపు వచ్చింది. పక్కన కూర్చున్నాయన, ఎవరు పోయినారప్పా అని అడిగితే, తమ్ముడు అన్నాను. ఆ మాట అనే హక్కు కూడా నాకు లేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీ చేతిలో లేదు. చేయగలిగిన వాడు కూర్చునే పోయాడు. గంగమ్మ ఉందో లేదో తెలియదు. సాలమ్మ ఉంది. ఆమె దగ్గరికి పోతానని కూడా మీకు మాటివ్వను, ఇచ్చిన మాటలు ఎట్లా నిలబెడతానో మీరు చూశారు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఇన్నేళ్ళకు కొంచెం ఊపిరి ఆడుతోంది. అంత ఊపిరి కూడా నాకు ఎక్కువే.

సాలమ్మా, నీ భర్త నిద్రపోలేదు. ఆ మధ్యాహ్నం పెట్టె పక్కనే మెలకువగా కూర్చుని ఉన్నాడు. ఆయన చెవులు బాగున్నాయి. పవరు పెంచింది నేను. బొత్తాం వదలంది నేను.